పథ్యం విడుపు

ఆస్పత్రి నుంచి పంపించేటప్పుడు డాక్టరు చాలా చెప్పాడు. బిళ్ళలు, తిండి, నిద్ర, మళ్ళీ చేయించుకోవలసిన పరీక్షలు, అన్నీ నా భార్య గుర్తుపెట్టుకుంది. నాకు రెండే గుర్తున్నాయి. ఒకటి, ఈ కాలేయం ఇంకోసారి తాగుడు తట్టుకోదని. రెండోది, ఆయన చీటీ రాస్తూ తల ఎత్తకుండా అన్న మాట: "ఇంట్లో ఉన్నన్నాళ్ళూ బాగానే ఉంటారండీ. ఊరెళ్ళినప్పుడే జాగ్రత్త. నా దగ్గరికి మళ్ళీ వచ్చేవాళ్ళలో చాలామంది ఏదో ఒక ప్రయాణం నుంచే వస్తారు."

అందుకని చలికాలమంతా నేను నరసరావుపేట దాటలేదు. పెళ్ళిళ్ళకు, చర్చి ప్రతిష్ఠ కూడికలకు నా భార్య ఒక్కతే వెళ్ళింది. పత్రిక డెస్కులో పని చేసి రిటైరైనవాణ్ణి కనక "ఆయన ఏదో రాసుకుంటున్నారు" అంటే అందరూ నమ్మేవారు. నేను రాసుకోవడం లేదు. సాయంత్రం అయ్యేసరికి తలుపు గడియ పెట్టి, టీవీలో ఏది వస్తే అది చూస్తూ, చీకటి పూర్తిగా పడేదాకా కుర్చీలోంచి లేవకుండా కూర్చునేవాణ్ణి. చీకటి పడ్డాక కాస్త నయంగా ఉండేది. వెలుతురు పసుపురంగుకు తిరిగే ఆ కాసేపే కష్టం.

ఎండలు ముదిరాక గురజాల నుంచి నా బావమరిది ఫోన్లు మొదలయ్యాయి. నా భార్యకు ఒక్కడే తమ్ముడు. దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. ప్రతి వేసవిలో మేము వాళ్ళింటికి వెళ్ళడం, నేనూ అతనూ గ్లాసులు పట్టుకుని డాబా మీద కూర్చోవడం ఎన్నో ఏళ్ళుగా ఉన్నదే. ఈసారి ఫ్యాక్టరీలో సెలవు పెట్టాడు, సాగర్‌లో గదులు తీసుకున్నాడు. ఎత్తిపోతల జలపాతం చూసి, సాగర్‌లో రెండు రోజులుండి రావాలని పథకం వేశాడు.

"బావ చిక్కిపోయాడంటన్నావుగా అక్కా. గాలి మారితే కోలుకుంటాడు. నువ్వేం మాట్టాడబాక, బయల్దేరు" అన్నాడు.

వెళ్ళకపోతే అతనే కారేసుకుని వచ్చేస్తాడు. వస్తే ఇంట్లోనే కూర్చుంటాడు. అది ఇంకా ప్రమాదం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు నా భార్య పుట్టింటికి నిజం చెప్పలేదు. ఆ ఇంట్లో ఆమె పెద్దపిల్ల. పేపరులో పని చేసే మొగుడు, మర్యాదస్తుడు అని వాళ్ళ వాళ్ళలో నాకొక పేరుంది. ఆ పేరు ఎక్కువగా ఆమె కట్టిందే. కళ్ళు పచ్చబడ్డాయి కాబట్టి "ఆయనకు కామెర్లు" అని చెప్పింది. అంతవరకు అబద్ధం కూడా కాదు. కానీ వాళ్ళు "పసరు పోయించారా?" అని అడిగారు. మా వైపు కామెర్లంటే మొదటి ప్రశ్న అదే. పోయించామంది. పసరు పోయించాక పథ్యం ఉంటుంది. ఉప్పు, నూనె, గోంగూర, మాంసం, మద్యం, అన్నీ బంద్. ఇచ్చినవాళ్ళు చెప్పినన్నాళ్ళు ఆ పథ్యం ఉండాలి. మద్యం ఎందుకు మానేశాడని ఎవరూ అడగకుండా చేసే కారణం అది ఒక్కటే. ఆమె ఆలోచించి చెప్పిందని నేను అనుకోను. నోటికి వచ్చింది, సరిపోయింది.

సంచి సర్దుకునేటప్పుడు తెలిసింది నాకు, ప్రయాణం ఎంత మారిపోయిందో. వెనకటికి నా సంచిలో మొట్టమొదట వెళ్ళేది తువ్వాల్లో చుట్టిన సీసా. బట్టలన్నీ దాని చుట్టూ సర్దుకునేవి. ఈసారి బట్టలు పెట్టాక నడుమ గుంటలాగా ఉండిపోయింది. ఇంకో చొక్కా పెట్టాను. అయినా జిప్పు సరిగ్గా పడినట్టు అనిపించలేదు. నా భార్య వచ్చి సంచి పట్టుకుని చూసింది. తేలిగ్గా ఉందో బరువుగా ఉందో చూస్తున్నట్టు పట్టుకుంది. ఆమె ఏం చూస్తోందో ఇద్దరికీ తెలుసు.

పిడుగురాళ్ళలో బస్సు ఆగింది. డ్రైవరు టీకి దిగాడు. ఇన్నేళ్ళూ ఆ స్టాండులో నేనూ దిగేవాణ్ణి. "ఇప్పుడే వస్తా" అనేవాణ్ణి. బస్సు హారన్ కొట్టేసరికి నోట్లో సోంపుతో ఎక్కేవాణ్ణి. ఆ రోజు లేవలేదు. కిటికీ పక్క సీటు నాది, నడవ పక్క సీటు ఆమెది. ఆమె కాళ్ళు ముడుచుకోలేదు. లేవాలంటే ఆమెను దాటాలి.

"టీ తాగుతారా?" అంది.

"వద్దు."

"నేను తెస్తా."

"వద్దన్నాగా."

సున్నపురాయి లారీలు వరసగా పోతుంటే దుమ్ము లోపలికి వస్తోంది. కిటికీ వేశాను. వేడికి ఉడికిపోయాం. తీశాను. మళ్ళీ దుమ్ము. బస్సు కదిలేదాకా అదే పని.

గురజాలలో మర్యాద మామూలుగానే మొదలైంది. బావమరిది భార్య బళ్ళో టీచరు. నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది. చాలా ప్రార్థనాపరురాలు. నా కోసం వేరే పొయ్యి మీద ఉప్పులేని పప్పు, నూనెలేని బీరకాయ వండింది. అందరూ గోంగూర పుల్లకూరలో ఎర్రకారం కలుపుకుని తింటుంటే నేను చప్పిడి మెతుకులు మింగాను. డాక్టరు నాకు ఉప్పు తగ్గించమన్నాడు కానీ పూర్తిగా మానమనలేదు. నా భార్య వడ్డించే నెపంతో వంగి, చిటికెడు ఉప్పు నా అన్నం మీద వేసి పోయింది. మూడు ముద్దలు బతికించింది.

సాయంత్రం డాబా మీదికి వెళ్ళాం. మడతమంచం, రెండు కుర్చీలు. వెలుతురు పసుపురంగుకు తిరుగుతోంది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నా బావమరిది నాకు ఎదురుగా కూర్చుని మంచినీళ్ళ చెంబు మధ్యలో పెట్టాడు.

"నువ్వు తాగవా?" అన్నాను.

"చాల్లే బావా. నువ్వు పత్యంలో ఉంటే నేను నీ మొకాన కూసోని తాగుతానా? అంత ఎదవనా?"

ఆ మాటకు నాకు ఊపిరి ఆడినట్టయింది. ఒక్క క్షణమే. వెంటనే అడిగాడు: "ఇంతకీ విడుపెప్పుడు?"

"ఏమిటి?"

"పత్యం విడుపు బావా. నెలలు గడిచినయ్యి గదా. ఎన్నాళ్ళు తింటావీ చప్పిడి?"

"ఇచ్చినాయన చెప్తానన్నాడు."

"ఎవురాయన?"

నాకు ఊరు తట్టలేదు. ముప్పై ఏళ్ళు ఊళ్ళ పేర్లు దిద్దినవాణ్ణి. "వినుకొండ అవతల" అన్నాను.

"అంత దూరం పోయారా? మన వెల్దుర్తి కాడ అవ్వ ఉంది గదా! ఎవురు పోసిన పసరుకైనా ఆమె విడుపు చేసుద్ది. మా ఫ్యాక్టరీలో సగం మంది ఆమె కాడికే పోతారు. పొద్దున్నే మాచెర్ల పోతాం గదా, అట్టా వెల్దుర్తి వైపుకి తిప్పుకుందాం. విడుపు చేపిచ్చుకుని సాగర్ పోయామనుకో…" అని ఆగి, మెట్ల వైపు చూసి, గొంతు తగ్గించాడు. "నీ కోసం ఒకటి దాచిపెట్టా బావా. ఫ్యాక్టరీలో ఆఫీసరుగారు ఇచ్చింది. పండగొచ్చినా ముట్టుకోలా. బావతోనే తీస్తానని పెట్టా."

అతని మొహంలో ఉన్న సంతోషం చూస్తే నాకు భయం వేసింది. శత్రువైతే కాదనడం తేలిక.

కిందికి దిగి నా భార్యకు చెప్పాను. ఆమె బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు.

"ఆమె కాడికి పోయినంత మాత్రాన ఏమవుద్ది? ఏదో ఆకు ఇచ్చుద్ది, నోట్లో వేసుకుంటారు, వస్తాం" అంది. పుట్టింటికి వస్తే ఆమె మాట మారుతుంది.

"ఆ తర్వాత?"

"తర్వాత సంగతి తర్వాత."

"చెప్పేద్దాం" అన్నాను.

చేట ఆగింది. "మా తమ్ముడి పెళ్ళానికి తెలిస్తే చర్చికంతా తెలుసుద్ది. ఇన్నేళ్ళు నేను ఏమని చెప్పుకున్నానో మీకు తెలీదు." మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది.

పొద్దున్నే బయల్దేరేముందు కారు చుట్టూ నిలబడి ప్రార్థన చేయడం వాళ్ళింట్లో అలవాటు. బావమరిది భార్య కళ్ళు మూసుకుని గట్టిగా మొదలుపెట్టింది. ప్రయాణం క్షేమంగా జరగాలని, టైర్లు బాగుండాలని, ఎండదెబ్బ తగలకూడదని. తర్వాత గొంతు మెత్తబడింది. "ప్రభువా, మా అన్నయ్యగారి కామెర్లు తగ్గించినందుకు నీకు స్తోత్రం. ఈ రోజు పత్యం కూడా విడిపిస్తన్నందుకు స్తోత్రం." నేను కళ్ళు తెరిచి చూశాను. నా భార్య కూడా తెరిచి ఉంది. ఆమెన్ అనవలసిన చోట ఆమె పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు.

కారు వెనక డిక్కీలో ఎక్కడో గాజు చప్పుడు. గతుకు వచ్చినప్పుడల్లా వినిపించేది. మిగతావాళ్ళకు వినపడుతున్నట్టు లేదు. వాళ్ళు ఈ ఏడు మిరపకు పట్టిన తెగులు గురించి మాట్లాడుకుంటున్నారు. మాచెర్ల దాకా నేను ఆ చప్పుడు కోసం ఎదురు చూడడం తప్ప ఇంకేం చేయలేదు. రోడ్డు బాగున్న చోట అది ఆగిపోతే, సీసా ఏమైనా పగిలిందేమోనని గుండె గుబుక్కుమనేది. పగిలితే సంతోషించాలి కదా. సంతోషంలా లేదు.

మాచెర్లలో టిఫిన్ చేసి వెల్దుర్తి దారి పట్టాం. రెండు వైపులా మెట్టచేలు. పత్తికట్టె పీకేసిన నేల, దూరంగా ఎర్రని గుట్టలు. ఊరికి కాస్త ఇవతల రేకుల ఇల్లు, ముందు కొబ్బరాకుల పందిరి. పందిరి కింద జనం బెంచీల మీద కూర్చున్నారు. చంటిపిల్లను ఎత్తుకున్న ఒకామె, పసుపు పచ్చని కళ్ళతో ఒక ముసలాయన, ఇంకా నలుగురైదుగురు. అవ్వ మధ్యలో పీట మీద కూర్చుంది. తెల్ల చీర, చేతులకు ఆకుపసరు మరకలు. పక్కన రుబ్బురోలు, రెండు మూడు సీసాలు, ఒక ప్లాస్టిక్ టబ్బులో నీళ్ళు.

నా బావమరిది వంగి దండం పెట్టాడు. "అవ్వా, మా బావ. పేపరాయన. కామెర్లొచ్చి పసరు పోయించుకున్నాడు. విడుపు చెయ్యాల."

"ఎవురు పోశారు?"

"వినుకొండ అవతలంట."

"వాళ్ళ పసరుకి చానా పత్యం పెడతారు. అక్కర్లేని ఆర్భాటం" అంది అవ్వ. నా కింది రెప్ప లాగి చూసింది. గోరు నొక్కింది. "తెల్లంగానే ఉండయ్యి. కూసో."

నేను పీట ముందు కూర్చున్నాను. నా భార్య నా వెనకే నిలబడింది, బావమరిది భార్య పందిరి గుంజ పక్కన. అవ్వ ఏదో వేరు రోట్లో వేసి, మిరియాలు వేసి, పక్కనున్న సీసాలోంచి కొంచెం పోసి నూరింది. గుడ్డలో వేసి పిండి, స్టీలు గ్లాసులో సగానికి తక్కువగా పట్టి నా చేతికిచ్చింది.

"ఒక్క గుక్కలో తాగాల. ఆపగూడదు. తర్వాత నీ ఇష్టం. ఏదైనా తిను, ఏదైనా తాగు."

"అదీ అవ్వా!" అన్నాడు నా బావమరిది.

గ్లాసు నోటి దాకా తీసుకున్నాను. నాటుసారా వాసన. వేరు ఘాటు, మిరియం ఘాటు పైన ఉన్నాయి. కింద అదే. ముక్కు దానిని గుర్తుపట్టాక నోట్లో నీళ్ళూరాయి. కడుపులో ఏదో విచ్చుకుంది, చాలా రోజుల తర్వాత సొంత మనిషి గొంతు విన్నట్టు. ఇక్కడిదాకా అంతా ఎవరికైనా జరిగేదే. నన్ను భయపెట్టింది నా చెయ్యి. నెలల తరబడి కాఫీ గ్లాసు పట్టుకున్నా వణికే చెయ్యి అది. ఇప్పుడు వణకడం లేదు. నిబ్బరంగా ఉంది.

బుర్ర కూడా అంతే నిబ్బరంగా పనిచేసింది. ఇది తాగితే ఎవరూ నన్ను తప్పు పట్టలేరు. ముసలామె పోసింది. బావమరిది తీసుకొచ్చాడు. భార్య వెనకే నిలబడి చూస్తోంది. ప్రార్థనలో దేవుడికి కూడా ముందే చెప్పారు. ఇన్నాళ్ళూ నేను వెతికింది ఇలాంటి గ్లాసే. నాది కాని గ్లాసు. డాక్టరు రేపు అడిగితే "తెలియక, నాటు వైద్యంలో" అనొచ్చు. వాక్యం కూడా తయారైపోయింది. డెస్కు మీద పని చేసినవాడికి వాక్యం తయారవడం ఎంతసేపు.

"తాగయ్యా, ఈగలు పడతయ్యి" అంది అవ్వ.

"ఇందులో సారా ఉంది" అన్నాను.

నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. పందిరి కింద అందరూ ఇటు తిరిగారు.

"ఉంటది మరి" అంది అవ్వ. "సారాలో నూరకపోతే విడుపెట్టా అవుద్ది?"

"చెంచాడే గదా బావా" అన్నాడు బావమరిది నవ్వుతూ. "నువ్వేదో తాగనోడి మాదిరి… గుక్కేసెయ్."

నేను గ్లాసు కింద పెట్టలేదు. అదీ నిజమే. సారా ఉందని చెప్పాను కానీ, దాన్ని వదల్లేదు. నా వేళ్ళు దాని చుట్టూనే ఉన్నాయి. ఇంకెవరైనా "పర్లేదు" అంటే బాగుండునని ఎదురుచూస్తున్నాను. అప్పుడు వెనక నుంచి నా భార్య చెయ్యి వచ్చింది. గ్లాసు లాక్కోలేదు. నా చేతి మీద తన చెయ్యి వేసి, అట్లాగే పట్టుకుని ఉంది.

"ఒరేయ్" అంది తమ్ముణ్ణి చూసి. "మీ బావకి పత్యం లేదు, పసరూ లేదు."

"ఏందక్కా?"

"తాగి తాగి ఆస్పత్రిలో పడ్డాడురా. రక్తం కక్కుకున్నాడు. బతుకుతాడో లేదో చెప్పలేమన్నారు. నేనే కామెర్లని చెప్పా. ఇంకో చుక్క పడితే పోతాడు. ఇది ఒకనాటితో విడిచేది కాదు. చచ్చిందాకా."

చంటిపిల్ల తల్లి పిల్లను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. నా భార్య మొహం ఎర్రగా అయిపోయింది కానీ ఆమె తల దించలేదు. తన సొంత మనుషుల ముందు, ఊరూ పేరూ తెలియని జనం ముందు ఆ మాట అనడానికి ఆమె ఏం పోగొట్టుకుందో నాకు తెలుసు. రాత్రి చేట ఆపి చెప్పిందిగా.

మొదట కదిలింది అవ్వ. నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, లోపలికి చూసి, "ఇదేదో ముందే చెప్తే పోయేది గదా. మంచి వేరు దండగ చేశారు" అని టబ్బులో పారబోసింది. "లెయ్, లెయ్. వెనక జనముండారు."

చంటిపిల్ల తల్లి నా భార్య కొంగు పట్టుకుని ఆపింది. "అక్కా, ఆయన ఎట్టా మానేశాడు? మా ఆయన మానట్లేదు. ఏం పెట్టావు?"

"నేనేం పెట్టలేదమ్మా" అంది నా భార్య. "ఆయనే చావుదాకా పోయి వచ్చాడు."

"మావోడు పోయి కూడా వచ్చాడు. అయినా మానలా" అందామె.

కారెక్కాం. బావమరిది భార్య కిటికీ వైపు తిరిగి పెదవులు కదుపుతోంది. ఉదయం ప్రార్థనలో తప్పు చెప్పినందుకు దిద్దుకుంటోందేమో, నాకు తెలియదు. మాచెర్ల పొలిమేరల్లో బావమరిది ఒక్కసారిగా బ్రేకు వేసి కారు పక్కకు తీశాడు.

"నేను పరాయోడినా అక్కా?"

"అది కాదురా."

"ఏది కాదు? బావ చచ్చిపోతంటే నాకు కామెర్లంటావా? పోయుంటే ఏమని చెప్పేదానివి? పసరు వికటించిందనా?"

ఆమె ఏడ్చింది. అతను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, ఎదురుగా వచ్చే లారీలు చూస్తూ కూర్చున్నాడు. నేను ఏదో అనబోయాను. "నువ్వాగు బావా. ఇది నాకూ మా అక్కకీ మధ్య సంగతి" అన్నాడు.

సాగర్ చేరేసరికి ఎండ వాలుతోంది. ఎత్తిపోతల చూడలేదు. గదుల ముందు చిన్న వరండా. అక్కడి నుంచి చూస్తే చెట్ల మధ్య నీళ్ళ ముక్క ఒకటి కనిపిస్తోంది, ఆవల కొండ. వెలుతురు పసుపురంగుకు తిరగడం మొదలుపెట్టింది. కొత్త చోటు, సెలవు, గాలి, పక్కన బావమరిది. డాక్టరు చెప్పిన ప్రయాణం ఇదే. పొద్దున తప్పించుకున్నాను కాబట్టి సాయంత్రం బాగుంటుందని ఎవరైనా అనుకోవచ్చు. కానీ పొద్దున వాసన ఇంకా ముక్కులోనే ఉంది. నోరు ఎండిపోతోంది. అరగంటకొకసారి నీళ్ళు తాగి లేస్తున్నాను, కూర్చుంటున్నాను. ఇప్పుడు దాచడానికి అబద్ధం కూడా లేదు. అందరికీ తెలుసు కనక అందరూ చూస్తున్నారు. లోపల నుంచి నా భార్య రెండుసార్లు తొంగి చూసింది.

నా బావమరిది వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కారు తాళాలు చేతిలో తిప్పుతున్నాడు.

"బావా, ఒక మాట అడుగుతా. కోప్పడబాక. నేను తాగనా, వద్దా?"

వద్దంటే అతని సెలవు పాడు చేసినవాణ్ణవుతాను. సరే అంటే నా సంగతి ఏమవుతుందో తెలియదు.

"నువ్వు తాగు" అన్నాను. "నాకు కనపడకుండా."

"అంతేనా?"

"వాసన కూడా రాకుండా."

తల ఊపి, కారు దగ్గరికి వెళ్ళి, డిక్కీ తీసి, ఏదో సంచిలో పెట్టుకుని గదుల వెనకవైపుకు పోయాడు. నేను ఆ వైపు చూడకుండా ఉండడానికి వరండాలోని గచ్చు పలకలు చూశాను. కాసేపటికే చెప్పుల చప్పుడు. తిరిగి వచ్చేశాడు. సంచి లేదు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఏమైంది?"

"మూత కూడా తియ్యలా బావా. ఒక్కడినే గోడ చాటున కూసుంటే నాకే ఎట్టనో ఉంది. తాగుబోతోడి మాదిరి."

నేను చివరి నాలుగైదేళ్ళు అట్లాగే తాగాను. గోడ చాటున, బాత్రూములో, ఆఫీసు మెట్ల కింద. ఆ మాట అతనికి చెప్పలేదు. చెప్పకుండానే తెలిసినట్టుంది, నా వైపు చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు. నిజంగానే అడిగాడు. ఇన్నేళ్ళలో మేమిద్దరం గ్లాసు లేకుండా ఎదురెదురుగా కూర్చున్నది నిన్న సాయంత్రం డాబా మీద ఒక్కసారే. అప్పుడు విడుపు గురించి మాట్లాడుకోవడానికైనా ఉంది. ఇప్పుడు అతనికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. నాకూ అంతే. లోపల ఆడవాళ్ళు చేపల పులుసు వేడి చేస్తున్నారు. ఎవరో తగ్గు గొంతుతో మాట్లాడుతున్నారు. ఎవరి గొంతో తెలియలేదు. ఏడుపు మాత్రం కాదు.

"ఆస్పత్రిలో ఎన్నాళ్ళున్నావు?" అన్నాడు చివరికి.

చెప్పాను.

"నొప్పి తెలిసిందా ముందు?"

"తెలిసింది. గ్యాసనుకున్నా."

"గ్యాసనే అనిపిచ్చుద్దా?"

"మొదట్లో."

వెలుతురు పూర్తిగా పోలేదు. అతని మొహం కనపడుతూనే ఉంది. కుడిచేయి తీసి పక్కటెముకల కింద పెట్టుకున్నాడు. చొక్కా మీది నుంచి వేళ్ళతో నొక్కి చూసుకుంటున్నాడు. ఆ చోటు కొత్తగా వెతుక్కుంటున్నట్టు లేదు.

"ఎక్కడ మొదలైంది బావా? ఇక్కడేనా?"

నేను కుర్చీ దగ్గరకు జరిపాను. నా వేలితో చూపించాను. అతను తన వేళ్ళు అక్కడి నుంచి తీయలేదు.

"అన్నానికి రండి" అని లోపల నుంచి నా భార్య పిలిచింది. వస్తున్నామని ఇద్దరం అన్నాం. లేవలేదు.